స్పెల్లింగు

తెలుగులో నాకు ఒకటే పేరు.
హ కి ఐత్వమిస్తే హై, మ, వ, త కి గుడిస్తే తి.
దిద్దించిన మేనత్త చేతిలో బలపం అరిగింది గాని
అక్షరం మారలేదు.

ఇంగ్లీషులో అలా కాదు.
బడి సర్టిఫికెట్లో వై. పాస్‌పోర్టులో ఏ, ఐ.
బ్యాంకువాడు తి దగ్గర హెచ్ మింగేశాడు.
కొచ్చెర్లకోట గళ్ళలో పట్టక
ఒక కార్డు మీద కోట కూలి
కొచ్చెర్ల మాత్రం నిలిచింది.

నవంబరులో, లాంగ్టన్‌లో, కేర్‌హోం వెనక మెట్ల మీద
రాత్రి మూడింటి బ్రేకులో
నా మీద నేనే తలుపు వేయించుకున్నాను.
ఎంతకాలం, అంది ఫారం.
ఆరు నెలలా, ఏడాదా, ఐదేళ్ళా.
ఐదేళ్ళు నొక్కాను. అప్పటికే జీతమంతా పోయింది కనక
ధైర్యం బాగానే ఉంది.
వై తో రాశాను.

గెలవడానికని కాదు, ఎవరైనా అడిగితే.
ఆ చక్రాలు తిరిగే మూడు సెకన్లు
నన్నెవరూ ఏ పనికీ పిలవరు.

లోపల డోరీన్ టనిక్లిఫ్‌కి ఆరింటి మాత్ర.
పేరు చెప్పండి, పుట్టినరోజు చెప్పండి.
ముఖం తెలిసినా అడగాలి, అది రూలు.
ఆవిడ రోజుకో పేరు చెప్తుంది.
పెళ్ళికి ముందుది ఒకరోజు. ఇంకోరోజు
కప్పుల అంచుకి బంగారు గీత గీసే ఫ్యాక్టరీలో
ఫోర్‌మన్ పిలిచినది.
చేతిపట్టీ చూసి సరే అంటాను.
తలుపు కోడ్ మాత్రం చెప్పను.
నాలుగంకెలు. సాయంత్రాలు వాటిని వేలితో వెతుకుతుంది,
అమ్మ ఎదురుచూస్తుంది, వెళ్ళాలి అంటూ.
ఆ వేలు నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఏ, ఐ గుర్తొచ్చాయి.
గుర్తు రావడమేమిటి,
మొదటినుంచీ జేబులోనే ఉన్నాయి, రెండో తాళంచెవిలా.
ఫెంటన్‌లో పాత అద్దెగది పోస్ట్‌కోడ్ వేశాను.
రండి రండి, అంది తెర.
పది పౌండ్లు, ఇరవై, అద్దె డబ్బులోంచి ఎనభై.
డబ్బు లోపలికి వెళ్ళేటప్పుడు
నువ్వెవరివని అడిగే నాథుడు లేడు.

ఆరువందల నలభై గెలిచాక అడిగారు.
పాస్‌పోర్టు చూపించు. గ్యాస్ బిల్లు చూపించు.
ముఖం ఈ గుండ్రంలో పెట్టు. ఎడమకి తిరుగు. కుడికి.
ఒకసారి రెప్ప వెయ్యి.
ఉతికిన దుప్పట్ల గదిలో, ట్యూబ్‌లైటు కింద తిరిగాను.
పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఒద్దికగా తిరగలేదు.

పొద్దున్నే జవాబు:
మిమ్మల్ని రానివ్వొద్దని కోరింది మీరే.
గెలుపు చెల్లదు. కట్టిన డబ్బు వెనక్కి.

కోపం వచ్చింది. బస్సు దిగేదాకా ఉంది.
దిగినచోట, నిప్పు లేని పాత బట్టీలు,
బోర్లించడం మరిచిపోయిన ఇటుక సీసాల్లా.
ఈ ఊళ్ళో నేనుండేది తొమ్మిదేళ్ళు.
నా రెండు పేర్లూ ఒక మనిషివేనని
కనిపెట్టింది అదొక్కటే.

ఆ రాత్రే ఫోన్ చేశాను. బ్రయనీ అట, ఓపికున్న గొంతు.
ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ చెప్పండి, అంది.
చెప్పాను. వై తో. ఏ ఐ తో. హెచ్ ఉన్నది, లేనిది.
కోట కూలినది. ఇంటిపేరు ముందుంటే ఇలా, వెనకుంటే అలా.
ఆమె టైపు చేస్తున్న చప్పుడు
చెక్కలోకి మేకులు దిగుతున్నట్టు.

ఇంకేమైనా ఉన్నాయా, అంది.

కారిడార్‌లో డోరీన్ గంట మోగింది.
ఒక్క నిమిషం, అన్నాను.

ఉంది. పాత కరెంటు బిల్లు మీద
ఎవడో చూడకుండా కొట్టింది, ఈ తో.
నాలిక చివరే ఉంది.

గంట మళ్ళీ మోగింది.